ఈ అర్జీ ఎవరికి పెట్టాలి?

జిల్లా పరిషత్తు ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా బయటికొచ్చినదాన్ని. అందుకేనేమో ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో చాలావాటి చివర "ఈ సంగతి కలెక్టరు గారి చెవిన వేయండి" అని ఉంటుంది. కలెక్టరు గారికీ నాకూ చుట్టరికమేమీ లేదు. ఏ కాగితం ఏ బల్ల మీదికి వెళ్తుందో, అక్కడ ఎందుకు ఆగుతుందో మాత్రం తెలుసు. జిల్లా పాలన మీద వచ్చిన ఉత్తరాలన్నీ ఈసారి ఒకచోట పెట్టాను. ఊళ్లు ఉంచి, పేర్లు తీసేశాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది రాజాం దగ్గర పల్లె. 2022లో మమ్మల్ని విజయనగరం జిల్లాలో కలిపేశారు. కలెక్టరాఫీసు విజయనగరం. మా జెడ్పీటీసీ మాత్రం మీటింగుకని శ్రీకాకుళం వెళ్తున్నాడు. మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూలు ప్రహరీ వానలకి కూలిపోయింది. పిల్లలకి పాఠాలు జరుగుతుంటే ఆవులు వరండా ఎక్కేస్తున్నాయి. అర్జీ ఎక్కడ పెట్టాలని అడిగితే ఒకరు అటు పొమ్మంటారు, ఒకరు ఇటు పొమ్మంటారు. ఏటి చెయ్యమంటారు?

జవాబు: ఇద్దరూ నిజమే చెప్పారు బాబూ. సగం సగం చెప్పారు, అంతే.

జిల్లా పేరు మీద మన దగ్గర రెండు యంత్రాంగాలు నడుస్తాయి. ఒకటి కలెక్టరుది. కలెక్టరు కింద జాయింట్ కలెక్టరు, డివిజనుకి ఆర్డీఓ, మండలానికి తహసీల్దారు, ఊళ్లో వీఆర్వో. వీళ్లెవరికీ మనం ఓటెయ్యలేదు. సర్కారు వేస్తుంది, సర్కారు మారుస్తుంది. భూమి రికార్డులు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, రేషను, ఎన్నికల ఏర్పాట్లు, గొడవలొస్తే మేజిస్ట్రేటు హోదాలో ఇచ్చే ఉత్తర్వులు, అన్నీ ఈ వరసలోనివి. రెండోది పరిషత్తులది. ఊరికి పంచాయతీ, మండలానికి మండల పరిషత్తు, జిల్లాకి జిల్లా పరిషత్తు. సర్పంచిని ఊరంతా ఓటేసి ఎన్నుకుంటుంది. ఎంపీటీసీలు కలిసి ఎంపీపీని, జెడ్పీటీసీలు కలిసి జెడ్పీ చైర్‌పర్సన్‌ని ఎన్నుకుంటారు. వీళ్ల తీర్మానాలు అమలుచెయ్యడానికి పంచాయతీ కార్యదర్శి, ఎంపీడీఓ, జెడ్పీ సీఈఓ ఉంటారు.

జిల్లా హద్దులు మారినప్పుడు ఈ రెండూ కలిసి కదలవు. మీ ఇబ్బంది అక్కడ పుట్టింది. మన ప్రాంతానికి హద్దులు మారడం కొత్తేమీ కాదు. 1950 ఆగస్టు 15న విశాఖ నుంచి విడదీసి శ్రీకాకుళం జిల్లా చేశారు. 1979 జూన్ 1న ఇటు శ్రీకాకుళం నుంచి బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, చీపురుపల్లి వైపు, అటు విశాఖ నుంచి విజయనగరం, గజపతినగరం, శృంగవరపుకోట వైపు తీసి విజయనగరం జిల్లా చేశారు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు రాజాం, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి, వంగర మండలాలు విజయనగరానికి వెళ్లాయి. పాలకొండ వైపు పార్వతీపురం మన్యంలో కలిసింది. కలెక్టరు వరస అయితే ఒక జీవోతో మారిపోతుంది. ఫైళ్లు అట్టపెట్టెల్లో కట్టి లారీ ఎక్కిస్తే సరి. పరిషత్తు ఎన్నికైన సభ. 2021 సెప్టెంబరులో కొలువుదీరిన ఆ సభలు 5 ఏళ్ల పదవీకాలానికి పాత 13 జిల్లాల లెక్కన ఏర్పడ్డవి. ఆ ప్రకారమే కొనసాగాయి. మీ జెడ్పీటీసీ శ్రీకాకుళం బస్సెక్కడం అందుకే. మాస్టార్ల పోస్టులకి 2025లో జరిగిన మెగా డీఎస్సీ కూడా ఉమ్మడి జిల్లాల లెక్కనే జరిగింది, గమనించే ఉంటారు.

ఇక గోడ. బోర్డు మీద "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల" అని ఉంది కదా, ఆ బడి పరిషత్తు యాజమాన్యంలోది. పాఠాలు, తనిఖీలు, రోజువారీ అజమాయిషీ విద్యాశాఖవి, అంటే మీకు విజయనగరం డీఈఓ. అందుకని కాగితం రెండు వైపులా వెళ్లాలి. ముందు హెడ్మాస్టరు దగ్గర పాఠశాల యాజమాన్య కమిటీ చేత తీర్మానం చేయించండి. గోడ ఎన్ని మీటర్లు పడింది, ఎప్పుడు పడింది, నిలబడ్డ భాగం ఎలా ఉంది, రెండు ఫొటోలు. ఒక ప్రతి ఎంఈఓ ద్వారా డీఈఓకి. ఒకటి శ్రీకాకుళం జెడ్పీ సీఈఓకి. మూడోది మీ జెడ్పీటీసీ చేతికి. ఇచ్చి ఊరుకోకండి, సర్వసభ్య సమావేశం అజెండాలో పెట్టించమని గట్టిగా అడగండి. సమావేశంలో లేచి ఆవేశంగా మాట్లాడిన సభ్యుల్ని చాలామందిని చూశాను. మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. అజెండాలో అంశంగా లేనిది మినిట్స్‌లో రాదు. మినిట్స్‌లో లేనిదాన్ని ఆఫీసులో ఏ గుమాస్తా ఫైలుగా తెరవడు.

డబ్బు సంగతి కూడా తెలుసుకోండి. పరిషత్తుకి పేరు పెద్ద, పెట్టె చిన్న. 14వ ఆర్థిక సంఘం కాలంలో కేంద్రం గ్రాంటు పంచాయతీలకే వచ్చింది. మండల, జిల్లా పరిషత్తులకి పైసా లేదు. అప్పట్లో వరండా పెంకులు మార్చాలన్నా ఫైల్లో ఎన్నో నోట్లు రాసి పైకి పెట్టాల్సి వచ్చేది. 15వ ఆర్థిక సంఘం మూడు అంచెలకీ ఇచ్చింది గానీ, 2021-22 నుంచి అందులో 60 శాతాన్ని తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టేసింది. ప్రహరీ గోడ ఆ పద్దులోకి రాదు. మిగతా డబ్బు కోసం జిల్లాలోని బళ్లన్నీ వరసలో ఉంటాయి. అందుకే తీర్మానం తేదీ ముఖ్యం. వరసలో మీ చోటు అక్కడి నుంచి లెక్క.

ప్రశ్న: మాది లావేరు మండలం. మాకు కలెక్టరు శ్రీకాకుళం, ఎంపీ విజయనగరం. ఇదెక్కడి చోద్యం?

జవాబు: 2022లో జిల్లాల్ని చాలావరకు లోక్‌సభ స్థానాల లెక్కన విడదీశారు. ఆ లెక్కన ఎచ్చెర్ల నియోజకవర్గం విజయనగరానికి వెళ్లాలి. శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకుని ఉన్న ప్రాంతం కాబట్టి మీ నాలుగు మండలాల్నీ ఇక్కడే ఉంచారు. అర్జీలన్నీ శ్రీకాకుళంలోనే. ఎంపీ నిధులతో పని కావాలంటే మాత్రం విజయనగరం ఎంపీని అడగాలి. రాజాం వాళ్ల అవస్థతో పోలిస్తే మీది నయం.

ప్రశ్న: అమ్మా, మాది నందిగాం మండలం. మా నాయన పోయాక ఆయన పేరునున్న ఎకరం పావు నా పేరుకి మారలేదు. సోమవారం గ్రీవెన్సుకి శ్రీకాకుళం ఎల్లి కలెక్టరు గారి చేతికే కాగితం ఇచ్చాను. ఆయన దాని మీద ఏదో రాసి సంతకం పెట్టారు. కొన్నాళ్లకి "మీ అర్జీ పరిష్కరించబడింది" అని ఫోనుకి మెసేజీ వచ్చింది. ఏటీ పరిష్కారం కాలేదు. తీరా చూస్తే ఆ కాగితం తిరిగి తిరిగి మా ఊరి వీఆర్వో దగ్గరికే వచ్చిందట. ఆయన కాడికే వచ్చినప్పుడు నేను అంత దూరం ఎల్లి ఏటి లాభం?

జవాబు: ఇలాంటి ఉత్తరం రాని నెల లేదు. కాస్త వివరంగానే చెబుతాను.

కలెక్టరుకి మీ పొలం దగ్గరికి పంపడానికి వేరే మనుషులు లేరు. ఆయన రాసింది బహుశా తహసీల్దారు పేరూ, చిన్న సంతకమూ అయ్యుంటుంది. పక్కన కూర్చున్న ఆపరేటరు అది చూసి మీ అర్జీని ఫలానా శాఖ, ఫలానా మండలం అని కంప్యూటరులో ఎక్కిస్తాడు. అది తహసీల్దారు లాగిన్‌లోకి వస్తుంది. అక్కడి నుంచి నివేదిక కోసం వీఆర్వోకి. ఈ సోమవారం అర్జీల కార్యక్రమానికి పేరు 'స్పందన' అన్నా, 'మీ కోసం' అన్నా, ఇప్పుడు పీజీఆర్‌ఎస్ అన్నా కాగితం దారి అదే. కలెక్టరు చేతికిచ్చినందువల్ల మీకు దక్కేది ఒక నంబరు, ఒక గడువు. అది తక్కువదేమీ కాదు. కింద ఉన్నవాడు ఏదో ఒక జవాబు రాసి తీరాలి.

ఆ జవాబు ఏం రాశారన్నదే మీరు చూడాలి. మీ విషయంలో "అర్జీదారు సచివాలయం ద్వారా మ్యుటేషన్‌కు దరఖాస్తు చేసుకోవలసిందిగా తెలియజేయడమైనది" అని రాసి మూసేసి ఉంటారని నా అనుమానం. ఆఫీసు లెక్కలో అది పరిష్కారమే. ఎందుకంటే అర్జీ వేరు, దరఖాస్తు వేరు. తండ్రి పేరున ఉన్న భూమి వారసుడి పేరుకి మారాలంటే గ్రీవెన్సు కాగితం చాలదు. సచివాలయంలోనో మీసేవలోనో మ్యుటేషన్ దరఖాస్తు పడాలి. దానికి మీ నాయన గారి మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, పాత పాసుపుస్తకం, మిగతా వారసులు ఉంటే వాళ్ల సమ్మతి జతచెయ్యాలి. అక్కచెల్లెళ్లు ఉన్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే వాళ్లతో ముందే మాట్లాడుకోండి. పెళ్లయి వెళ్లిపోయారు కదా అనుకునే మగపిల్లల ఫైళ్లు ఎక్కువగా ఆగేది అక్కడే, ఆగడం న్యాయం కూడా.

కాబట్టి ఇలా చెయ్యండి. మీ అర్జీ మీద వాళ్లు రాసి మూసిన జవాబు, అంటే ఎండార్స్‌మెంటు, దాని నకలు అడిగి తీసుకోండి. దరఖాస్తు వేసి రసీదు భద్రం చేసుకోండి. గడువు దాటినా కదలకపోతే అప్పుడు ఆ రసీదు నంబరుతో గ్రీవెన్సుకి వెళ్లండి, లేదా 1100కి ఫోను చేసి పాత అర్జీని తిరిగి తెరిపించండి. తహసీల్దారు కాదంటే, ఎందుకు కాదో రాతపూర్వకంగా ఇమ్మనండి. ఆ కాగితం ఉంటేనే పై అధికారికి అప్పీలుకి వెళ్లగలరు. "రేపు రా" అన్న మాట మీద అప్పీలు ఉండదు.

అర్జీ రాసే తీరు గురించి కూడా ఒక ముక్క. సోమవారం పొద్దున్నే ఆఫీసు బయట చెట్ల కింద అర్జీలు రాసిపెట్టేవాళ్లు కూర్చుంటారు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. "గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారి దివ్యసముఖమునకు, నేను కడు నిరుపేదను, రెక్కాడితే గాని డొక్కాడని వాడను" అని మొదలై పేజీ నిండిపోతుంది. సర్వే నంబరు ఎక్కడా కనిపించదు. అడుగున సందులేక ఫోను నంబరు మార్జిన్లో నిలువుగా రాస్తారు, అందులో ఒక అంకె చెరిగిపోతుంది. ఈ కాగితం పట్టుకుని ఆపరేటరు ఏం ఎక్కిస్తాడు? మొదటి మూడు వరసల్లోనే ఊరు, మండలం, సర్వే నంబరు రాయండి. రీసర్వే అయిన ఊరైతే ఎల్‌పీఎం నంబరు (రీసర్వేలో మీ భూమికి ఇచ్చిన కొత్త నంబరు), విస్తీర్ణం, పాసుపుస్తకంలో ఉన్న పేరు కూడా. తర్వాత ఒక్క వాక్యంలో ఏం కావాలో. పేదరికం గురించి రాయాలనిపిస్తే ఆఖర్న రాసుకోండి, ఎవరూ కాదనరు. ఒక కాగితం మీద ఒకే కోరిక. భూమి, పింఛను, ఇంటి స్థలం మూడూ ఒకే అర్జీలో పెడితే మొదటిదానికి మాత్రమే శాఖ పడుతుంది. మిగతా రెండూ గాల్లోనే.

ప్రశ్న: నమస్కారం మేడమ్. సోంపేట దగ్గర మా ఊరు. రిటైర్డ్ మాస్టార్ని. మా అబ్బాయి టెక్సస్‌లో ఫ్రిస్కో అనే ఊళ్లో ఇల్లు కొన్నాడు. "జనవరిలో కౌంటీకి టాక్సు కట్టాలి నాన్నా" అని అంకె చెబితే గుండె గుభేలుమంది. మన పంచాయతీ ఇంటిపన్ను ఎక్కడ, అదెక్కడ! ఈ కౌంటీ మన జిల్లా లాంటిదేనా? అక్కడ కలెక్టరు ఎవరు? పన్ను ఎక్కువేశారని ఎవరికి అర్జీ పెట్టుకోవాలి?

జవాబు: మాస్టారూ, అక్కడ కలెక్టరు లేడు. పైనుంచి వేసిన అధికారి ఒకాయన జిల్లా మొత్తాన్ని చూడటం అన్న పద్ధతే లేదు.

మీ అబ్బాయి ఇల్లు బహుశా కాలిన్ కౌంటీలో ఉండి ఉంటుంది. దాని ముఖ్యపట్టణం మెకిన్నీ. ఫ్రిస్కోలో కొంత భాగం పక్కనున్న డెంటన్ కౌంటీలో పడుతుంది కాబట్టి బిల్లు మీద ఏ పేరుందో చూసుకోమనండి. టెక్సస్‌లో ఇలాంటి కౌంటీలు 254 ఉన్నాయి. ఒక్కోదాన్ని కమిషనర్స్ కోర్టు అనే మండలి నడుపుతుంది. పేరు చూసి కేసులు విచారించే చోటనుకోకండి. ఒక కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు కూర్చుని బడ్జెట్టు వేస్తారు, పన్ను రేటు ఖాయం చేస్తారు, రోడ్లకీ జైలుకీ భవనాలకీ డబ్బు కేటాయిస్తారు. ఐదుగురూ 4 ఏళ్లకి ఎన్నికైనవాళ్లే. మన జెడ్పీ సర్వసభ్య సమావేశానికి సొంతంగా పన్ను వేసుకునే బలం ఉంటే కొంచెం ఇలా ఉండేదేమో.

విచిత్రం ఇంకోటి ఉంది. కౌంటీ పోలీసు అధికారి అయిన షెరీఫ్‌ని కూడా జనమే ఎన్నుకుంటారు. కౌంటీ జైలు ఆయన చేతిలో ఉంటుంది. పన్ను వసూలు చేసే అధికారినీ, దస్తావేజులు రిజిస్టరు చేసే క్లర్కునీ, ప్రభుత్వం తరఫున నేరాల కేసులు నడిపే అటార్నీనీ కూడా ఎన్నుకోవడమే. మన సబ్ రిజిస్ట్రారు వాల్‌పోస్టరు వేయించుకుని ఓట్లడగడం ఊహించుకోండి. పెళ్లి లైసెన్సు ఇచ్చేది ఆ క్లర్కే. టెక్సస్‌లో లైసెన్సు తీసుకున్నాక మామూలుగా 72 గంటలు ఆగి పెళ్లి చేసుకోవాలి. మీ రెండో అబ్బాయి ముహూర్తం అక్కడే పెట్టుకుంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

పన్ను విషయానికొద్దాం. బిల్లు కౌంటీ ఆఫీసు నుంచి వచ్చినా డబ్బంతా కౌంటీది కాదు. ఆ కాగితంలో కౌంటీ, నగరం, కాలేజీ జిల్లా, స్కూలు జిల్లా అని వరసలుంటాయి. మామూలుగా అన్నిటికంటే పెద్దది స్కూలు వాటా. అక్కడ బడులు కౌంటీ కింద ఉండవు. స్కూలు జిల్లా అని వేరే ఉంటుంది, దాని బోర్డు వేరు, దాని పన్ను వేరు. ఫ్రిస్కోలో మంచినీళ్లు, చెత్త, పోలీసు నగరం చూసుకుంటుంది. నగరాల హద్దులు దాటిన పల్లెల్లో రోడ్లు, గస్తీ కౌంటీవి. టెక్సస్ రాష్ట్రం జీతం మీద ఆదాయపు పన్ను వెయ్యదు. స్థానిక సంస్థల బరువంతా చాలావరకు ఇంటి మీదే పడుతుంది. మీ గుండె గుభేలుమనడానికి కారణం అది.

అర్జీ సంగతి. ఇంటి విలువ కట్టేది కౌంటీ కాదు, అప్రైజల్ డిస్ట్రిక్ట్ అనే మరో సంస్థ. వసంతకాలంలో దాని నోటీసు వస్తుంది. విలువ ఎక్కువ వేశారనిపిస్తే మే 15 లోపు, లేదా నోటీసు వచ్చిన 30 రోజుల్లోపు, రెండిట్లో ఏది తర్వాతయితే ఆలోపు అభ్యంతరం పెట్టుకోవచ్చు. దాన్ని వినడానికి వేరే బోర్డు ఉంటుంది. చుట్టుపక్కల అలాంటి ఇళ్లు ఎంతకి అమ్ముడయ్యాయో కాగితాలు పెట్టుకుని వెళ్లాలి. సొంతంగా కాపురం ఉంటున్న ఇల్లు కాబట్టి హోమ్‌స్టెడ్ మినహాయింపుకి దరఖాస్తు చేశాడో లేదో అడగండి. కొత్తగా కొన్నవాళ్లు మరిచిపోతుంటారు. పన్ను జనవరి 31 లోపు కట్టెయ్యాలి, దాటితే జరిమానా, వడ్డీ.

అమెరికా అంతా ఇదే తీరనుకోకండి. కనెక్టికట్ రాష్ట్రం 1960లో కౌంటీ ప్రభుత్వాల్నే ఎత్తేసింది. లూసియానాలో వీటిని ప్యారిష్‌లంటారు. లాస్ ఏంజెలస్ కౌంటీలో సుమారు కోటి మంది ఉంటే, టెక్సస్‌లోనే లవింగ్ కౌంటీలో 2020 జనాభా లెక్కల ప్రకారం ఉన్నది 64 మంది. మీ వీధిలో అంతకంటే ఎక్కువ మందే ఉంటారు.

ఏది మేలని మీరడగలేదు గానీ, ఇన్నేళ్లు పరిషత్తులో పనిచేసిన నోరు ఊరుకోదు. పన్ను వేసే చెయ్యీ ఖర్చుపెట్టే చెయ్యీ ఒకటే కావడం, ఆ చేతిని ఓటుతో పట్టుకోగలగడం వాళ్లకున్న సుఖం. మన జెడ్పీ చైర్‌పర్సన్ గ్రాంటు ఎప్పుడొస్తుందా అని అమరావతి వైపు చూస్తూ కూర్చోవాలి. అదే షెరీఫ్‌తో కమిషనర్లకి పడకపోతే ఆయన్ని మార్చడం వాళ్ల వల్ల కాదు. బడ్జెట్టు బిగించగలరు, మరో ఎన్నిక దాకా ఓర్చుకోవాలి. మనకైతే బదిలీ ఉత్తర్వు సాయంత్రానికే వచ్చేస్తుంది. అది ఎప్పుడూ మంచికే వస్తుందని మాత్రం చెప్పలేను.

ప్రశ్న: చీపురుపల్లి నుంచి మా ఊరికి వచ్చే రోడ్డు గోతులమయం. సర్పంచిని అడిగితే నాది కాదంటాడు. మరెవరిది?

జవాబు: సర్పంచి తప్పించుకుంటున్నాడని అనుకోకండి, నిజంగానే ఆయనది కాకపోవచ్చు. ఊళ్లో వీధులు, సీసీ రోడ్లు, కాలువలు పంచాయతీవి. ఊరి నుంచి మండల కేంద్రానికో మరో ఊరికో కలిపేవి ఎక్కువగా పంచాయతీరాజ్ ఇంజినీరింగు వాళ్ల చేతిలో ఉంటాయి. పట్టణాల్ని కలిపే పెద్ద రోడ్లు ఆర్ అండ్ బీవి. 16వ నంబరు జాతీయ రహదారి కేంద్రానిది. మీ రోడ్డు ఎవరిదో మండల ఆఫీసులో ఉండే పంచాయతీరాజ్ ఏఈని అడిగితే క్షణంలో చెబుతాడు. తనది కాకపోతే ఇంకా తొందరగా చెబుతాడు.

ప్రశ్న: మా మనవరాలు ఇంటి దగ్గరే పుట్టింది. బర్త్ సర్టిఫికెట్ తీయించలేదు. ఇప్పుడు రెండో ఏడు నడుస్తోంది. గజపతినగరంలో ఒకాయన డబ్బిస్తే చేయిస్తానంటున్నాడు. ఇవ్వమంటారా?

జవాబు: పైసా ఇవ్వకండమ్మా. పుట్టిన 21 రోజుల్లో చెబితే ఊరికే నమోదు చేస్తారు. 30 రోజుల దాకా కొద్దిపాటి ఆలస్య రుసుము. ఏడాది లోపైతే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటింది కాబట్టి మీకు మేజిస్ట్రేటు అధికారం ఉన్నవారి ఉత్తర్వు కావాలి. ఇంతకుముందు చట్టంలో దానికి ఫస్టు క్లాసు మేజిస్ట్రేటు ఉత్తర్వు అని ఉండేది. 2023లో చట్టం మార్చాక ఆ సంవత్సరం అక్టోబరు 1 నుంచి జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేదా వాళ్లు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు సరిపోతుంది. ముందు సచివాలయానికి వెళ్లి, పుట్టుక నమోదు కాలేదని పంచాయతీ కార్యదర్శి దగ్గర కాగితం తీసుకోండి. కాన్పు సంగతి తెలిసిన ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తల దగ్గర రిజిస్టర్లుంటాయి, టీకాల కార్డు ఉంటుంది. ఆ నకళ్లు జతచేసి పెడితే ఆర్డీఓ ఆఫీసులో పని సులువవుతుంది. బళ్లో చేర్చేలోపే చేయించండి.

ప్రశ్న: మాది వజ్రపుకొత్తూరు తీరం. 2018లో తిత్లీకి మా కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైపోయాయి. తుపానంటే టీవీలో ఎప్పుడూ కలెక్టరే కనిపిస్తారు. ఓట్లేయించుకున్న జెడ్పీ వాళ్లకి తుపానులో పనేమీ ఉండదా?

జవాబు: ఉంటుంది, చట్టంలోనే ఉంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకీ ఒక విపత్తు నిర్వహణ సంస్థ ఉండాలి. కలెక్టరు దానికి అధ్యక్షుడు, ఎన్నికైన జిల్లా పరిషత్తు అధిపతి సహాధ్యక్షుడు. ఎస్పీ, జిల్లా వైద్యాధికారి సభ్యులు. సహాధ్యక్షుల కుర్చీ సమావేశాల్లో కనిపించినంతగా తుపాను రాత్రి కనిపించదు. దానికి ఒక్కళ్లని తప్పుపట్టలేం. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మీ దగ్గర తీరం దాటినప్పుడు పోలీసు, కరెంటు, రెవెన్యూ, వైద్యం, ఇన్ని శాఖల్ని ఒక్కసారి కదిలించగలిగిన ఫోను కలెక్టరు బల్ల మీదిదే.

కానీ మీరు తుపాను మర్నాటి నుంచి చూడండి. వీధిలో పడిన చెట్లు నరికించడం, ట్యాంకు నింపడానికి జనరేటరు తేవడం, బావుల్లో బ్లీచింగు చల్లించడం పంచాయతీ పనులు. సర్పంచి చురుగ్గా ఉన్న ఊరికీ లేని ఊరికీ తేడా అక్కడ తెలిసిపోతుంది. తోటల నష్టం లెక్కకి వ్యవసాయ, ఉద్యాన శాఖల వాళ్లు, రెవెన్యూ వాళ్లు వస్తారు. వాళ్లు వచ్చేలోపు పడిన చెట్లని కొట్టించి అమ్మెయ్యకండి. అమ్మక తప్పకపోతే మొదళ్లు కనిపించేలా ఫొటోలు తీసి ఉంచండి. జాబితా సచివాలయంలో అతికించగానే వెళ్లి పేరు, చెట్ల సంఖ్య, బ్యాంకు ఖాతా చివరి అంకెలు సరిచూసుకోండి. కౌలుకి చేస్తున్నవారైతే మరీ జాగ్రత్త, పరిహారం పాసుపుస్తకం ఉన్నవాళ్ల ఖాతాకే వెళ్లిపోవడం మన దగ్గర తరచూ జరిగేదే.

ప్రశ్న: నెల్లిమర్ల మండలంలో మాది చిన్న ఊరు. ఇంటిపన్ను రసీదులో "గ్రంథాలయ సెస్సు" అని వేస్తున్నారు. మా ఊళ్లో గ్రంథాలయమే లేదు. ఈ డబ్బు ఎవరు తింటున్నారు?

జవాబు: తినడం లేదు లెండి, చేరాల్సిన చోటికి ఆలస్యంగా చేరుతుంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు ఈ సెస్సు. పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ కట్టాలి. ఆ సంస్థ కలెక్టరుదీ కాదు, జిల్లా పరిషత్తుదీ కాదు, దాని పాలకవర్గం దానిదే. చాలా పంచాయతీలు కరెంటు బిల్లులకి వాడేసుకుని సెస్సు బకాయి పెడతాయి. మీ పంచాయతీ ఎంత వసూలు చేసింది, ఎంత జమ కట్టింది అని సమాచార హక్కు కింద కార్యదర్శిని అడగండి. జవాబులో బకాయి లేదని తేలితే, ఊళ్లో ఒక గది చూపించి పుస్తక నిక్షేప కేంద్రం (గ్రంథాలయ సంస్థ పుస్తకాలు తెచ్చి ఉంచే చోటు) ఇమ్మని గ్రామసభలో తీర్మానం చేసి విజయనగరంలో గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి పంపండి. గదికి తాళం, తాళానికి ఒక బాధ్యుడు ఉన్నారని తీర్మానంలోనే రాయండి, వాళ్లు మొదట అడిగేది అదే.